సమావేశానికి వారం ముందే ఎజెండా ఇవ్వండి: నగర పాలక మండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్లకు, చైర్‌పర్సన్లకు, కమిషనర్లకు, కౌన్సిల్ విభాగం కార్యదర్శులకు, సిబ్బందికి నమస్కారం.

పాలక మండలి సమావేశాల తేదీలు, ఎజెండా తయారీ గురించి ఇదివరకే అర్జీలు పెట్టాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు గానీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. కౌన్సిల్ విభాగంలో ఉన్న కొద్దిమంది సిబ్బంది ఎంత ఒత్తిడిలో పనిచేస్తారో మాకు తెలుసు. ఈ లేఖ వాళ్ల మీద ఫిర్యాదు కాదు. తేదీలు ఖరారు చేసే అధికారం, ఫైళ్లు సకాలంలో కదిలించే బాధ్యత ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్లకే మా విన్నపం.

చర్చ జరిగేది సమావేశం రోజున. ఏ అంశం చర్చకు వస్తుంది, ఎన్నో నంబరులో వస్తుంది, దాని కాగితాలు సభ్యుడి చేతికి ఎప్పుడు చేరతాయి అన్నవి మాత్రం అంతకు రెండు మూడు వారాల ముందే తేలిపోతాయి. అక్కడ పద్ధతి లేకపోతే సభలో ఎంత గట్టిగా మాట్లాడినా ఫలితం ఉండదు. ఆ నష్టం మోసేది మురుగు కాలువ పక్కన ఇల్లున్నవాళ్లు, వీధి దీపం కోసం ఎదురుచూసేవాళ్లు, పెరిగిన పన్ను నోటీసు అందాక గానీ సంగతి తెలియనివాళ్లు.

1. ఏడాది మొత్తానికి సమావేశాల క్యాలెండర్ ముందే ప్రకటించండి.

"త్వరలో సమావేశం" అని చెప్పి నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వడం వల్ల సభ్యులు సిద్ధం కాలేరు, జనం రాలేరు. రోజు కూలికి వెళ్లే మనిషి తన వీధి సమస్య చర్చకు వచ్చే రోజున పని మానుకోవాలంటే ఆ రోజు ఏదో ముందే తెలియాలి. "ప్రతి నెలా రెండో మంగళవారం" అన్నట్టు ఒక రోజును ఖాయం చేస్తే సగం గందరగోళం తీరిపోతుంది. పండగలు, సెలవులు, పరీక్షల రోజులు ముందే చూసుకుని, తేదీ కుదరని నెలలకు ప్రత్యామ్నాయ తేదీ కూడా అదే క్యాలెండర్‌లో వేయాలి. ఎన్నికల నియమావళి అమల్లో ఉండే అవకాశం ఉన్న నెలలను వేరే రంగులో చూపిస్తే విభాగాలు తమ ప్రతిపాదనలను ముందుకు జరుపుకుంటాయి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. పాలక మండలి తేదీ వేస్తారు గానీ కమిటీల తేదీలను దానికి ముడిపెట్టరు. స్టాండింగ్ కమిటీ మండలికి ముందు రోజు కూర్చుంటే దాని సిఫారసు ఎజెండాలో ఎలా చేరుతుంది? టేబుల్ ఎజెండాగా, అంటే సభ మొదలయ్యాక బల్ల మీద పెట్టే కాగితంగా రావాలి, లేదా వచ్చే నెలకు పోవాలి. కమిటీలు మండలి సమావేశానికి కనీసం 16 రోజుల ముందు కూర్చోవాలి. వార్డు కమిటీలు అంతకు ఇంకో వారం ముందు కూర్చోవాలి. భారత రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణ 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పురపాలక ప్రాంతాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెబుతోంది. ఆ కమిటీ మాట పైకి చేరే దారి క్యాలెండర్‌లో లేకపోతే కమిటీ ఉన్నా లేనట్టే.

బడ్జెట్‌కూ ఇదే లెక్క. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి, విభాగాల అంచనాలు, కమిటీ పరిశీలన, ప్రజల అభ్యంతరాలు, మండలి ఆమోదం అనే నాలుగు మెట్లకూ తేదీలు వేయాలి. ఇంగ్లండులో స్థానిక పన్నును మార్చి 11కు ముందే ఖరారు చేయాలని 1992 నాటి చట్టమే గడువు పెట్టింది. గడువు ఉన్నచోట మిగతా మెట్లు వాటంతట అవే వెనక్కి సర్దుకుంటాయి.

2. ఎజెండాను వెనక నుంచి లెక్కపెట్టి తయారు చేయండి.

సమావేశం రోజును సున్నాగా పెట్టుకుంటే మేం సూచించే క్రమం ఇది. 21 రోజుల ముందు: విభాగాధిపతులు తాము పెట్టబోయే అంశాల పేర్లు కౌన్సిల్ విభాగానికి పంపాలి. ఈ దశలో పూర్తి నోట్ అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. 15 రోజుల ముందు: పూర్తి నోట్, అంచనా, పటం, పాత తీర్మానం నకలు జతచేసి ఇవ్వాలి. అదే ముగింపు తేదీ, సాయంత్రం 5 గంటల తర్వాత తీసుకోకూడదు. 12 రోజుల ముందు: లెక్కల విభాగం, న్యాయ విభాగం అభిప్రాయాలు రాసి తిప్పి పంపాలి. 10 రోజుల ముందు: మేయర్, కమిషనర్, కార్యదర్శి కూర్చుని అంశాల వరుస, సమయం ఖరారు చేయాలి. 8 రోజుల ముందు: ముద్రణ ప్రతి సరిచూసుకోవాలి. 7 రోజుల ముందు: సభ్యులకు, ప్రజలకు ఒకేసారి అందాలి.

ఆచరణలో తప్పేది ఎక్కువగా 15వ రోజుకు, 12వ రోజుకు మధ్య. ఇంజినీరింగ్ విభాగం నోట్ ఇస్తుంది గానీ ఏ పద్దు కింద ఖర్చు, ఆ పద్దులో ఎంత మిగిలింది అన్న గడి ఖాళీగా ఉంటుంది. లెక్కల విభాగం దాన్ని వెనక్కి పంపుతుంది. ఆ ఫైలు మళ్లీ కార్యాలయ తపాలులో తిరిగి వచ్చేసరికి వారం గడుస్తుంది. అంశాలు స్వీకరించేటప్పుడే కౌన్సిల్ విభాగం ఒక చిన్న పట్టిక పెట్టుకుని సరిచూస్తే ఈ తిప్పలు తప్పుతాయి. పట్టికలో ఆరు గడులు చాలు: స్థలం, కొలత, అంచనా వ్యయం, పద్దు పేరు, ఆ పద్దులో నిల్వ, తేదీతో సహా ఇదివరకటి తీర్మానం నంబరు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అక్కడికక్కడే తిప్పి పంపాలి, కారణం రాసి పంపాలి.

రోజుల లెక్కలోనూ తేడా వస్తోంది. చట్టంలో "క్లియర్ డేస్" (పూర్తి రోజులు) అని ఉంటే నోటీసు అందిన రోజును, సమావేశం రోజును రెండింటినీ వదిలేయాలి. సోమవారం నోటీసు ఇచ్చి గురువారం సభ పెడితే మధ్యలో ఉన్నవి రెండే పూర్తి రోజులు, మూడు కావు. మూడు కావాలంటే సభ శుక్రవారమే పెట్టాలి. ఈ ఒక్క రోజు తేడాతో తీర్మానాలు కోర్టులో సవాలుకు గురైతే, మంజూరైన పని ఆగిపోయి మళ్లీ వీధివాళ్లే ఇబ్బంది పడతారు.

ఒక్క ముగింపు తేదీ తప్పితే ఏమవుతుందో మురుగు కాలువ పూడికతీత పనిలో చూడండి. జూన్ మొదటి వారంలో వానలు మొదలవుతాయనుకుందాం. పనికి 30 రోజులు కావాలి, అంటే మే 1కి మొదలవ్వాలి. ఒప్పందం రాసుకుని వర్క్ ఆర్డర్ ఇవ్వడానికి 10 రోజులు, టెండరు ప్రకటనకు 14 రోజులు, తెరిచి పరిశీలించడానికి 7 రోజులు, మండలి తీర్మానం నకలు సంతకాలై ఇంజినీరింగ్ విభాగానికి చేరడానికి 10 రోజులు. మొత్తం 41 రోజులు. అంటే మార్చి 20 లోపు మండలి ఆమోదం ఉండాలి. రెండో మంగళవారం సభ అయితే ఆ అంశం ఫిబ్రవరిలోనే కౌన్సిల్ విభాగానికి చేరాలి. ముగింపు తేదీ ఒక్క రోజు దాటితే ఏప్రిల్ సభకు పోతుంది. ఆమోదం తర్వాత అదే 41 రోజులు కలిపితే పని మే మూడో వారంలోనో నాలుగో వారంలోనో మొదలవుతుంది, సగంలో ఉండగా వాన పడుతుంది. తీసి గట్టున పోసిన పూడిక మొదటి జల్లుకే మళ్లీ కాలువలో పడుతుంది. బిల్లు మాత్రం చెల్లించాల్సిందే. ఇళ్లలోకి నీళ్లు రావడం వాన తప్పిదమని అందరూ అనుకుంటారు. ఆ వరద మొదలైంది ఫిబ్రవరిలో ఒక బల్ల మీద.

కాబట్టి సీజన్‌తో ముడిపడిన పనులకు, అంటే పూడికతీత, వేసవి నీటి సరఫరా, దోమల నివారణ, పాఠశాలల మరమ్మతులకు, వేరే జాబితా వేసి ఒక్కో పనికీ "ఆఖరి ఆమోద తేదీ" క్యాలెండర్‌లో రాయాలని కోరుతున్నాం.

3. అంశం పేరు చదివితే విషయం తెలియాలి.

"అంశం 37: ఇంజినీరింగ్ విభాగం వారి నోట్ పరిశీలన, ఆమోదం గురించి." ఇది చదివి ఆ పని తమ వీధిదేనని ఎవరు గుర్తుపడతారు? అదే అంశాన్ని ఇలా రాయవచ్చు: "14వ వార్డు, బడి వీధిలో 220 మీటర్ల మురుగు కాలువ పునర్నిర్మాణం, అంచనా వ్యయానికి పాలనా ఆమోదం." పదమూడు మాటల్లో స్థలం, పని, కొలత, సభ ఏం చేయాలో అన్నీ వచ్చాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1953 నుంచి అమల్లో ఉన్న బ్రౌన్ చట్టం కూడా ప్రతి అంశానికీ క్లుప్త వివరణ ఉండాలంటుంది, అది మామూలుగా 20 మాటలు మించనక్కర్లేదని కూడా చెబుతుంది. అంత చిన్న పనికి సాకులు అవసరం లేదు.

ప్రతి అంశం పక్కన అది "నిర్ణయానికి", "చర్చకు", "సమాచారానికి" అన్న మూడింటిలో ఏదో గుర్తు పెట్టండి. తెలుగులో పెట్టండి. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ వెల్లడించే సమాచారం స్థానిక భాషలో ఉండేలా చూడాలని చెబుతోంది. పాలక సంస్థ సమావేశాలకు ప్రజలు రావచ్చా, మినిట్స్ (సభలో జరిగినదాని రాతపూర్వక నమోదు) వాళ్లకు దొరుకుతాయా అన్నది కూడా ఎవరూ అడగకుండానే ప్రకటించాలని అదే సెక్షన్ అంటోంది.

4. టేబుల్ ఎజెండాను అత్యవసరానికే పరిమితం చేయండి.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించే అంశం ఇదే. సభ మొదలయ్యాక సభ్యుల బల్లల మీద పెట్టే కాగితాల్లో స్థలం లీజు పొడిగింపులు, కాంట్రాక్టు గడువు పెంపులు, పన్ను సవరణలు ఉంటున్నాయి. ఒక్కో నోట్ నాలుగైదు పేజీలు. చదివే వ్యవధి ఉండదు. అధికారపక్షమో ప్రతిపక్షమో అన్న తేడా లేదు, ఏ సభ్యుడూ చదవకుండానే చెయ్యెత్తాల్సి వస్తోంది. దుకాణం లీజు రద్దయిన మనిషికి ఆ సంగతి తీర్మానం అయ్యాకే తెలుస్తుంది. అభ్యంతరం చెప్పుకునే అవకాశం అతనికి అసలు రాలేదు.

అత్యవసరాలు ఉంటాయి, మేం కాదనం. నీటి పైపు పగిలితే, అంటువ్యాధి వ్యాపిస్తే ఎజెండా గడువు కోసం ఆగలేం. అయితే అత్యవసరం అన్నది రుజువు కావాలి. ఇంగ్లండులో 1972 స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం ఎజెండా, నివేదికలు 5 పూర్తి రోజుల ముందు ప్రజలకు అందుబాటులో ఉండాలి. అలా లేని అంశాన్ని తీసుకోవాలంటే దాని ప్రత్యేక పరిస్థితి ఏమిటో మినిట్స్‌లో రాయాలి. కాలిఫోర్నియాలో సాధారణ సమావేశానికి 72 గంటల ముందు, ప్రత్యేక సమావేశానికి 24 గంటల ముందు ఎజెండా అంటించాలి. ఎజెండాలో లేని అంశం మీద, కొద్ది మినహాయింపులు తప్ప, నిర్ణయం తీసుకోకూడదు.

మా డిమాండ్ ఇది. టేబుల్ ఎజెండాలోకి వచ్చే ప్రతి అంశానికీ ముగింపు తేదీ తర్వాత కొత్తగా ఏం జరిగిందో, వచ్చే సభ దాకా ఆగితే ఏం నష్టమో కమిషనర్ సంతకంతో రెండు వాక్యాలు ఉండాలి. దాన్ని తీసుకోవాలా వద్దా అన్నదానికి ముందు వేరే ఓటు జరగాలి. పన్నులు, స్థలాలు, లీజులు, కాంట్రాక్టు గడువు పెంపులు ఏ కారణంతోనూ టేబుల్ ఎజెండాలో రాకూడదు. సభ ఆమోదం రాకముందే కమిషనర్లు ముందస్తు అనుమతితో చేయించి తర్వాత ధ్రువీకరణకు పెట్టే పనులకు కూడా వేరే జాబితా ఉండాలి, పని ఏ తేదీన మొదలైందో అందులో రాయాలి. పూర్తయిన పనికి సభ "వద్దు" అనగలదా? అనలేదు. కాబట్టి కనీసం ఎన్ని అలా వస్తున్నాయో జనానికి కనిపించాలి.

5. సభ సమయానికి లెక్క వేయండి.

మూడు గంటల సభ అనుకుందాం, 180 నిమిషాలు. హాజరు, సంతాపాలు, గత మినిట్స్ ధ్రువీకరణకు 15 పోతాయి. ప్రశ్నలకు, జీరో అవర్‌కు 45. మిగిలింది 120 నిమిషాలు. ఎజెండాలో 72 అంశాలు, టేబుల్ మీద 18 వస్తే మొత్తం 90. ఒక్కో అంశానికి 80 సెకన్లు. అంశం చదవడానికే ఆ సమయం చాలదు. చివరికి "మిగతావన్నీ ఆమోదం" అని గంట కొట్టడం తప్ప దారి ఉండదు. వరుసలో చివర ఉన్నవి ఏవి అన్నది అందుకే ముఖ్యం.

వివాదం లేని రొటీన్ అంశాలను ఒకే జాబితాగా పెట్టి ఒకే తీర్మానంతో ఆమోదించే పద్ధతి చాలాచోట్ల ఉంది. పై 90లో అలాంటివి 60 ఉంటే వాటికి 10 నిమిషాలు చాలు. మిగిలిన 30కి 110 నిమిషాలు దొరుకుతాయి. పెద్ద అంశాలు అయిదింటికి 12 నిమిషాల చొప్పున 60 ఇచ్చినా, తక్కిన 25కి రెండేసి నిమిషాలు మిగులుతాయి. అయితే ఈ జాబితా దుర్వినియోగం కావడం తేలిక. అందుకే ఏ ఒక్క సభ్యుడు లేచి అడిగినా ఆ అంశాన్ని జాబితా నుంచి తీసి విడిగా చర్చించాలి, కారణం అడగకూడదు. డబ్బు, భూమి, పన్ను, భవన అనుమతుల సడలింపు ఈ జాబితాలో ఉండకూడదు.

జనం ఎక్కువగా వచ్చే అంశాలను మొదటి గంటలో పెట్టండి. వాటికి సుమారు సమయం ఎజెండాలోనే రాయండి. ఉదయం 11 గంటలకు వచ్చిన వృద్ధురాలు తన పింఛను అంశం కోసం సాయంత్రం దాకా గ్యాలరీలో కూర్చుని, "వాయిదా" అన్న మాట విని వెళ్లే పరిస్థితి రాకూడదు.

6. వాయిదా పడిన అంశం పోగొట్టుకోకండి.

"తదుపరి సమావేశానికి వాయిదా" అని రాసిన అంశాలు తదుపరి ఎజెండాలో కనిపించడం లేదు. కోరం లేక సభ ఆగిన నెలలో ఇది మరీ ఎక్కువ. ప్రతి ఎజెండా చివర పెండింగ్ పట్టిక పెట్టండి: అంశం, మొదట వచ్చిన తేదీ, ఎందుకు ఆగింది, ఎవరి దగ్గర ఉంది. వాయిదా పడినవి వచ్చే సభలో మొదటి వరుసలో రావాలి. రెండుసార్లు వాయిదా పడితే మూడోసారి అవునో కాదో తేల్చాలి.

7. తీర్మానం ఏమిటో సభలోనే చదవండి, మూడు పనిదినాల్లో బయట పెట్టండి.

"చర్చించి ఆమోదించడమైనది" అని రాస్తే ఎవరు సవరణ కోరారు, అది ఒప్పుకున్నారా లేదా తెలియదు. సభలో విన్నదానికి, నెల తర్వాత మినిట్స్‌లో వచ్చినదానికి తేడా ఉంటే తేల్చడానికి ఆధారం ఉండదు. అధ్యక్షస్థానం తర్వాతి అంశానికి వెళ్లేముందు కార్యదర్శి తీర్మానం పాఠాన్ని పైకి చదవాలి. మూడు పనిదినాల్లో నిర్ణయాల జాబితా, 10 రోజుల్లో ముసాయిదా మినిట్స్ రావాలి. అసమ్మతి తెలిపినవాళ్ల పేర్లు ఉండాలి. పాత మినిట్స్ కనీసం ఆరేళ్లపాటు చూసుకునేలా ఉంచాలి. ఇంగ్లండు చట్టం ఆ గడువే పెట్టింది.

ఎజెండాను కార్యాలయం గోడ మీద, ప్రతి వార్డు కార్యాలయంలో, వెబ్‌సైట్‌లో ఒకే రోజు పెట్టండి. స్కాన్ చేసిన మసక కాపీ పెడితే చూపు లేనివాళ్ల పరికరాలు దాన్ని చదవలేవు, వెతికినా మాట దొరకదు. టైపు చేసిన ఫైలునే పెట్టండి, అది మీ దగ్గర ఎలాగూ ఉంటుంది.

భారత రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన 12వ షెడ్యూలు పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి సహా 18 విషయాలను పురపాలక సంస్థలకు అప్పగించదగినవిగా పేర్కొంది. ఇంత పెద్ద బాధ్యత నెలకొక్కసారి కూర్చునే సభ మీద ఉన్నప్పుడు ఆ సభ కాగితాలు సమయానికి అందాలని అడగడం అత్యాశ కాదు. పైన కోరినవాటిలో చాలావాటికి కొత్త చట్టం, కొత్త నిధులు అక్కర్లేదు. కమిషనర్ సర్క్యులర్, మండలి తీర్మానం సరిపోతాయి.

ఈ లేఖను వచ్చే సాధారణ సమావేశం ఎజెండాలో "చర్చకు" అన్న గుర్తుతో ఒక అంశంగా చేర్చాలని కోరుతున్నాం. ఏడింటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి ఒప్పుకోరో, ఒప్పుకోనివాటికి కారణం ఏమిటో విడివిడిగా రాతలో ఇవ్వండి. ఒప్పుకున్నవాటికి అమలు తేదీ వేయండి. మొదటి రెండు, నాలుగోది వచ్చే మూడు నెలల్లో మొదలుకావాలి. మిగతావాటికి ఏడాది గడువు చాలు. ఆ సభకు అంశాలు స్వీకరించే ముగింపు తేదీ ఏదో ఈ వారంలో నోటీసు బోర్డు మీద పెట్టండి, ఆ తేదీలోపు ఈ లేఖ నకలును జతపత్రాలతో కౌన్సిల్ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకుంటాం.

ఇట్లు,
మండలి సమావేశాలను గమనిస్తున్న పౌరులు